నవల పంపించేశాక ఈ రోజులు ఎట్టా గడపాలి?

పెన్నాగట్టు (కావలి):
అందరికీ నమస్కారం. నేను స్కూల్లో తెలుగు చెప్తాను. ఇస్కపల్లి వైపు ఉప్పు మళ్ళలో పనిచేసే ఒక కుటుంబం మీద నవల రాశాను. నాలుగేళ్ళు పట్టింది, తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పిల్లల క్యారేజీలు కట్టేలోపల రాసుకున్నదే అంతా. ఒక ప్రచురణకర్తకి పంపాను, చదివి, వేస్తామని ఫోన్లో చెప్పారు. ఆ ఫోన్ వచ్చి 47 రోజులైంది, మళ్ళీ ఏ కబురూ లేదు.

మెలకువ మాత్రం ఇప్పటికీ నాలుగున్నరకే వస్తోంది. లేచి ఏం చేయాలో తోచక మళ్ళీ ఆ ఫైలే తెరుస్తున్నా, తెరిచిన ప్రతిసారీ ఒక తప్పు కనపడుతోంది. మూడో అధ్యాయంలో అత్తకి ఎడమ చేతి మీద ఉన్న కాలిన మచ్చ పదకొండులో కుడి చేతి మీదికి వచ్చింది! సరిచేసిన ఫైలు మళ్ళీ పంపనా? ఫోన్ చేసి అడిగితే చులకనైపోతానేమో అని ఒకటే టెన్షన్. మా ఆయన "అయిపోయింది కదా, ఇంకేంది" అంటారు. ఆయన తప్పేం లేదు, కానీ నాకు ఇంట్లో మనిషి ఊరెళ్ళి ఉత్తరం రాయనట్టుంది. పుస్తకాలు వేసుకున్నవాళ్ళు చెప్పండి.

ఒంగోలు కథలు:
మేడమ్, ముందు ఆ ఫైలు మూసేయండి. నా మొదటి కథల పుస్తకానికి నేను ఇట్టాగే మూడుసార్లు "ఇదే ఫైనల్" అని పంపాను. వాళ్ళ దగ్గర మూడు ఫైళ్ళయ్యాయి, కంపోజింగుకి వెళ్ళింది మొదటిది. నేనేమో ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దమని పంపే పేజీలు, పైపైన చూసి పంపేశాను. అచ్చయి వచ్చాక చూస్తే నేను కొట్టేసిన కథ ముగింపు అట్టాగే ఉంది, 500 కాపీలు. ఇప్పటికీ ఆ పుస్తకం ఎవరికన్నా ఇస్తుంటే నా చెయ్యి ఆ పేజీ దగ్గరికే పోతుంది. మచ్చలాంటి తప్పులు ఒక నోటుపుస్తకంలో పేజీ నంబరుతో రాసి పెట్టుకోండి, ప్రూఫు వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే ఇవ్వండి.

ట్రంకురోడ్డు డీటీపీ (నెల్లూరు):
పైన అన్న చెప్పింది నిజం. మా వైపు సంగతి కూడా తెలుసుకోండి. మీరు యూనికోడ్‌లో, అంటే ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా కనపడే తెలుగులో పంపింది మాలాంటివాళ్ళు చాలామంది అచ్చు పనికి వాడే "అను" అనే ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలుంటే అవి ఇంకేదో అయిపోతాయి. అందుకని ఫస్ట్ ప్రూఫు మీ ఫైలు పక్కన పెట్టుకుని మాట మాటా చూడాలి. ఇప్పుడే రోజూ చదివి కళ్ళకి అలవాటు చేసుకున్నారంటే, అప్పుడు అచ్చులో లేని ఒత్తు కూడా ఉన్నట్టే కనపడుతుంది. కళ్ళు దాచుకోండి మేడమ్.

ఇంకోటి, ముందుమాట, అంకితం, కృతజ్ఞతలు ఇప్పుడే పంపేయండి. పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది. 13 ఫారాలకి, అంటే 208 పేజీలకి సర్దిన పుస్తకంలో చివరి ప్రూఫప్పుడు రెండు పేజీలు కలపమంటే లెక్కంతా మారిపోతుంది, ఖర్చు కూడా.

గూడూరు ప్లీడరు:
అమ్మా, నాకు మీ మచ్చ కంటే ఆ "ఫోన్లో చెప్పారు" అన్న మాట దగ్గరే భయం వేసింది. కాపీరైట్ చట్టం, 1957లో 18, 19 సెక్షన్లు చదవండి. మీరు రాసినది రాసినప్పుడే మీది, రిజిస్టర్ చేయకపోయినా సరే. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద మీ సంతకం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళని లెక్క. హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది. కాబట్టి కాగితం వచ్చాక "శాశ్వతంగా" అనే మాట ఎక్కడన్నా ఉందేమో చూసుకుని సంతకం పెట్టండి. కాగితం ఎప్పుడు పంపుతారని అడగడం చులకన కాదమ్మా, అది మీ పని. ఫోన్ వద్దు, మెయిల్ రాయండి, నాలుగు లైన్లు చాలు.

కనిగిరి అమ్మాయి:
అక్కా, నాలుగున్నరకి లేవడం మాత్రం మానొద్దు, ఒకసారి పోతే ఆ గంట మళ్ళీ దొరకదు. నా నవల పంపాక నేను రెండు నెలలు మానేసి, తిరిగి కూర్చోడానికి ఏడాది పట్టింది. కొత్త నవల మొదలుపెట్టమని కాదు, అది ఇప్పుడు రాదు కూడా, మనసంతా పాత మనుషుల దగ్గరే ఉంటుంది. నవల్లో ఇమడక తీసేసిన ముక్కలుంటాయి కదా, నేను అవి ముందేసుకున్నా, ఒకటి కథైంది. లేకపోతే ఆ మళ్ళ దగ్గరికే వెళ్ళి రా అక్కా, ఈసారి రాసుకోడానికి కాదు, ఊరికే.

పెన్నాగట్టు (పన్నెండు రోజుల తర్వాత):
అందరికీ చెప్పాలని వచ్చాను. మెయిల్ రాశాను, రెండో రోజే జవాబొచ్చింది, సంక్రాంతి తర్వాత ఫస్ట్ ప్రూఫు, కాగితం ఈ నెలలోనే పంపుతామన్నారు. నోటుపుస్తకంలో పద్నాలుగు తప్పులు చేరాయి, ఫైలు మాత్రం తెరవలేదు.

కనిగిరి చెల్లెలు చెప్పినట్టు ఆదివారం ఇస్కపల్లి వెళ్ళాను. వానలకి మళ్ళన్నీ నీళ్ళు నిండి చెరువులా ఉన్నాయి, పనుల్లేవు. నాకు ఈ కథంతా చెప్పిన పెద్దామె ఇంట్లోనే ఉంది. పుస్తకం అచ్చుకి పోయిందని చెప్తే ఎంతో సంతోషించి "నా పేరు పెట్టావా?" అని అడిగింది. నేను అన్ని పేర్లూ మార్చేశాను, ఎవరికీ ఇబ్బంది రాకూడదని. "పెట్టలేదమ్మా" అంటే, "ఏం, నేను సిగ్గుపడే పనేం చేశాను" అంది. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే. అంకితం పేజీ ఇంకా పంపలేదు కదా, రాత్రి కూర్చుని ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాసి, పొద్దున ఆమెకి ఫోన్లో చదివి వినిపించి పంపాను. ఒక్కటే పేజీ, డీటీపీ తమ్ముడూ, లెక్కలో పట్టుద్దిగా?

ట్రంకురోడ్డు డీటీపీ:
పట్టుద్ది మేడమ్.