టీకాకు వెనుకాడే తల్లిదండ్రులతో మాట్లాడటం ఏఎన్ఎంలకు ఎలా నేర్పాలి?

ప్రశ్న – పి.హెచ్.సి. సూపర్‌వైజర్, ఉమ్మడి ఖమ్మం జిల్లా ఏజెన్సీ ప్రాంతం

అందరికీ నమస్కారం. మా పరిధిలోని ఏఎన్ఎంలకు వచ్చే నెలలో ఒక రోజు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకు అప్పగించారు. టీకాల పట్టిక, టీకాలను చల్లగా నిల్వ ఉంచే కోల్డ్ చైన్ నియమాలు, సూది వేసే పద్ధతి వాళ్లకు కంఠతా వచ్చు. అయితే “మా పిల్లకు వద్దు నర్సమ్మా” అని తల్లి అనగానే రోగాల పేర్లు చెప్పి భయపెడుతున్నారు, లేకపోతే రిజిస్టరులో ‘నిరాకరణ’ అని రాసుకుని పక్క ఇంటికి వెళ్లిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ తల్లితో ఏం మాట్లాడాలో నాతో సహా ఎవరూ వాళ్లకు నేర్పలేదు. గొత్తికోయ గిరిజనుల గూడేల్లో కోయ భాష రాకపోవడం కూడా అడ్డంకి అవుతోంది. ఉన్న ఒక్క రోజులో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1 – కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు, వరంగల్

మేడమ్ గారూ, ముందుగా ఆ ‘వద్దు’ వెనుక ఏముందో కనుక్కోవడం నేర్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2014లో దీనికి మూడు మూలాలు చెప్పింది: టీకా మీద గానీ వేసేవారి మీద గానీ నమ్మకం లేకపోవడం, రోగం మనదాకా రాదులే అన్న ధీమా, టీకా అందుబాటులో లేకపోవడం. మన రిజిస్టర్లలో ఈ మూడూ ‘నిరాకరణ’ అనే ఒక్క మాట కిందికే చేరుతున్నాయి. కూలి పోగొట్టుకుని బుధవారం వచ్చిన తల్లికి, పిల్లలు తక్కువగా ఉన్నారు, ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా టీకా) వయల్, అంటే పలు డోసుల సీసా, కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి కాబట్టి శనివారం రమ్మని చెప్పి పంపిస్తే, ఆమె మళ్లీ రాకపోవడాన్ని నిరాకరణ అనగలమా? ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలన్నదే నిబంధన.

నిజంగా భయపడే తల్లుల విషయంలో, కెనడాలోని క్విబెక్ ప్రసూతి వార్డుల్లో బాలింతలతో మాట్లాడే పద్ధతి మనకూ పనికొస్తుంది. తల్లికి ఇప్పటికే ఏం తెలుసో అడుగుతారు, విన్నదాన్ని ఆమెకే తిరిగి చెబుతారు, చెప్పమంటారా అని అనుమతి తీసుకున్న తరువాతే సమాచారం ఇస్తారు, ఆపైన ఆమెకు ఏమనిపించిందో మళ్లీ అడుగుతారు. ఉదాహరణకు, “పెద్దోనికి సూదేసినంక రెండు దినాలు ఒళ్లు కాలిపోయింది, పాలు గూడ తాగలే” అని ఒక తల్లి అంటే, “జ్వరం అందరికీ వస్తుంది, ఏం కాదు” అనడం మనకు అలవాటు. దానికి బదులు, “ఆ రెండు రాత్రులు నీకు కూడా నిద్ర ఉండి ఉండదమ్మా. ఆ జ్వరం ఎందుకొచ్చిందో చెప్పమంటావా?” అని అడిగించండి. ముగ్గురేసి జట్లు చేసి, ఒకరిని తల్లిగా, ఒకరిని ఏఎన్ఎంగా కూర్చోబెట్టి, ఏఎన్ఎం ఎన్నో మాటకు సలహా మొదలుపెట్టిందో మూడో ఆమెను లెక్కపెట్టమనండి. మధ్యాహ్నమంతా దీనికే కేటాయించినా ఎక్కువ కాదు.

జవాబు 2 – విశ్రాంత ఏఎన్ఎం

అధ్యాపకులు గారు చెప్పినదానికి నా అనుభవం కొంత జోడిస్తాను. జ్వరం సంగతి సూది వేయకముందే చెప్పాలి. 6, 10, 14 వారాలకు వేసే, ఐదు రోగాలను ఆపే పెంటావాలెంట్‌ టీకాలో కోరింత దగ్గు టీకా ఉంటుంది కాబట్టి జ్వరం, తొడ మీద వాపు రావచ్చని ముందే విన్న తల్లి కంగారుపడదు. చెప్పకుండా వేస్తే, అదే జ్వరం మరుసటి రోజుకు గూడెమంతా తెలుస్తుంది. క్షయ రాకుండా ఇచ్చే బి.సి.జి. వేసిన కొన్ని వారాలకు భుజం మీద పొక్కు లేచి చితికినప్పుడు, అది టీకా పనిచేస్తోందనడానికి గుర్తని తెలియక పసుపు, ఆకు పసర్లు పూసిన ఇళ్లు నేను చాలా చూశాను.

ఇంకొక విషయం మీ శిక్షణలో తప్పక చెప్పండి. 2009లో మన ఖమ్మం జిల్లాలోనే 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తల నడుమ 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయే తప్ప ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ హాస్టళ్లలో చదివే ఎందరో గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది మాత్రం నిజం. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తండ్రులు, అన్నలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. “మమ్మల్ని అడగకుండా మా పిల్లలకు వేశారు” అని వాళ్లు అంటే, అది పుకారని కొట్టిపారేసే హక్కు మనకు లేదు. “అవును, అప్పుడు మిమ్మల్ని అడగకపోవడం తప్పే” అని ముందు ఒప్పుకొని, విచారణలో తేలిన సంగతి ఆ తరువాత చెప్పమనండి. నేను ఆ మాట అన్న ఇళ్లలో సంభాషణ కొనసాగింది.

జవాబు 3 – ఆశా ఫెసిలిటేటర్, భద్రాచలం వైపు

మేడమ్, గూడెం ఆశాలను కూడా ఆ రోజు కూర్చోబెట్టండి. ఏఎన్ఎం తెలుగులో ఎంత ఓపికగా అడిగినా, కోయలోకి మార్చే ఆశా దాన్ని “వేయించుకోవాలంట” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పడిన శ్రమంతా అక్కడే పోతుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం అనుకున్న స్లైడ్లు తగ్గించి, మధ్యాహ్నం అభ్యాసంలో తల్లి పాత్ర ఆశాలకే ఇచ్చి, ఆ భాగం కోయలోనే జరిపిస్తాను. 2009 నాటి సంగతి మా జట్టులో చిన్నవాళ్లకు అసలు తెలియదు. అమ్మగారూ, మీరే వచ్చి ఒక గంట దాని గురించి చెప్పగలరా? ప్రయాణ ఏర్పాట్లు నేను చూసుకుంటాను.