ఏసీ పది నిమిషాలు చల్లగా వచ్చి తర్వాత వేడి గాలి కొడుతోంది, నిజంగా గ్యాసేనా?

వేదాయపాలెం మేడ

మాది నెల్లూరు, మేడ మీద పోర్షన్. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ, 2018లో కొన్నాం. ఇన్వర్టర్ కాదు, మామూలుదే. స్టెబిలైజర్ ఉంది. నాలుగు రోజులుగా ఒకటే వరస. ఆన్ చేయగానే బాగానే చల్లగా వస్తుంది, హమ్మయ్య అనుకునేలోపు పది పదిహేను నిమిషాలకి గాలి గోరువెచ్చగా అయిపోతుంది. లోపల ఫ్యాను మాత్రం ఆగదు, రిమోట్‌లో 24 అనే చూపిస్తుంటుంది. 18కి దించి చూశా, తేడా లేదు. ఫిల్టర్లు కడిగా. చిత్రం ఏందంటే రాత్రి రెండు దాటాక దానంతట అదే సర్దుకుని తెల్లారేదాకా బాగా పనిచేస్తుంది, పొద్దెక్కితే మళ్లీ మామూలే.

నిన్న ఒక మెకానిక్ వచ్చి, లోపలి యూనిట్ ముందు చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ పోయింది, 3,500 అవుతుంది అన్నాడు. బయటి యూనిట్ దగ్గరికి ఎక్కనే లేదు. నిరుడు ఇంకొకాయన కూడా గ్యాసే నింపాడు. అమ్మకి డెబ్బై రెండేళ్లు, బీపీ ఉంది, ఈ రోహిణి కార్తెలో పైస్లాబు వేడి రాత్రి పదకొండైనా దిగడం లేదు. డబ్బులు పెట్టడానికి సిద్ధమే, కానీ ఏడాదికే గ్యాస్ ఎట్లా పోతుంది? థర్మోస్టాట్ లాంటిది ఏమన్నా పాడైందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు గిత్త

అన్నా, ముందు స్టెబిలైజర్ మీద అంకె చూడు. మాది కర్నూలు రోడ్డు వైపు, పోయినేడు మాకూ అచ్చం ఇట్లాగే అయింది. సాయంత్రం ఏడింటికి వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యేవి, వోల్టేజీ 160కి పడిపోయేది. లోపలి ఫ్యానుకి ఆ కరెంటు చాలు కాబట్టి గాలి వస్తూనే ఉంటుంది, బయటి యూనిట్‌లో గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ మాత్రం లేవలేదు. లోడు తగ్గాక అర్ధరాత్రి దానంతట అదే బాగయ్యేది. మేం అనవసరంగా రెండుసార్లు సర్వీసింగ్ చేయించాం. చివరికి వీధిలో వాళ్లందరం 1912కి ఫిర్యాదు చేశాం, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకే కుదుటపడింది. నీది కూడా రాత్రి రెండింటికి బాగవుతోందంటే నాకు అదే అనుమానం.

చీమకుర్తి రాయి

రిమోట్‌లో మంచుపువ్వు గుర్తు ఉందా లేదా చూశారా? మా ఇంట్లో పిల్లలు ఫ్యాన్ మోడ్‌లో పెట్టేసి, ఏసీ పాడైందని మమ్మల్ని పరుగెత్తించారు. అదొకటి. రెండోది దుమ్ము. మాకిక్కడ గ్రానైట్ క్వారీల దుమ్ముకి బయటి యూనిట్ వెనక రేకులు రెండు నెలలకే పూడుకుపోతాయి, లోపలి వేడిని బయటికి వదల్లేక కంప్రెసర్ ఆగిపోతుంది. ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చి ఆపేసి మామూలు గొట్టంతో నీళ్లు కొడితే చాలు, ఒత్తిడి ఎక్కువ పెట్టకండి, రేకులు వంగిపోతాయి.

కావలి మెకానిక్

పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ముందు గ్యాస్ సంగతి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా అయిపోయేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టకుండా గ్యాస్ నింపితే మళ్లీ ఏడాదికి అదే ఖర్చు. పైగా గ్యాసే తక్కువైతే రాత్రి రెండింటికి అంత చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? మా వాళ్లలో కొందరు చెయ్యి పెట్టి చూసి గ్యాస్ అనేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది, కస్టమర్ డబ్బుతో పాటు మా అందరి మాటకీ విలువ పోతుంది.

మీరడిగిన థర్మోస్టాట్ సంగతి. పాత విండో ఏసీలకి తిప్పే నాబ్ ఉండేది. స్ప్లిట్‌లో దాని పని చేసేది గది వేడి కొలిచే సెన్సార్, ఫిల్టర్ తీస్తే చల్లటి పైపుల కాయిల్ ముందు ప్లాస్టిక్ క్లిప్పులో మిరియపు గింజంత ఉంటుంది. సర్వీసింగ్ చేసేటప్పుడు అది క్లిప్పులోంచి జారి కాయిల్‌కి ఆనుకుంటే, గది చల్లబడిపోయిందనుకుని కంప్రెసర్‌ని ఆపేస్తుంది. కొన్ని రిమోట్లలో ఇంకో బటన్ ఉంటుంది, అది నొక్కితే రిమోట్ ఎక్కడుంటే అక్కడి వేడినే లెక్కలోకి తీసుకుంటుంది. రిమోట్‌ని ఏసీ గాలి తగిలే చోట పెడితే అప్పుడూ ఇదే ఇబ్బంది.

ఇందులో ఏదో తేలాలంటే బయటి యూనిట్ దగ్గర పావుగంట నిలబడాలి. గాలి వేడెక్కే సమయానికి అక్కడ ఫ్యానూ కంప్రెసరూ రెండూ ఒకేసారి ఆగి, కొద్ది నిమిషాల్లో మళ్లీ లేస్తుంటే సెన్సార్ వైపు చూడాలి. స్టెబిలైజర్ కట్ అవుతుంటే ఒంగోలు ఆయన చెప్పిందే. కంప్రెసర్ మోగుతూ ఫ్యాను తిరగకపోతే సంగతి వేరు. బయటి యూనిట్‌కి వచ్చే రెండు పైపుల్లో లావు పైపుని కూడా పట్టుకుని చూడండి, కంప్రెసర్ నడిచినంతసేపు అది చల్లగా చెమట పట్టి ఉండాలి. మూత మాత్రం విప్పొద్దు.

వేదాయపాలెం మేడ

అన్నా, మీరు చెప్పినట్టే చూశా. స్టెబిలైజర్ 215 దగ్గరే ఉంది, రిమోట్‌లో మంచుపువ్వు ఉంది. బయటి యూనిట్ మెట్లగది గోడకి పడమటి వైపు ఉంది, మధ్యాహ్నం ఎండంతా దాని మీదే. ఆన్ చేసిన మూడు నిమిషాలకి టక్‌మని కంప్రెసర్ మొదలైంది. ఫ్యాను రెక్కలు వణికినట్టు కాస్త కదిలి ఆగిపోయాయి. మోత మాత్రం వస్తూనే ఉంది. పైపుకి ముందు చెమట పట్టింది. పైరేకు మీద చెయ్యి పెడితే నిలపలేనంత వేడి. పదకొండో నిమిషంలో మోత ఆగిపోయింది, పైపు ఆరిపోయింది, అరగంటైనా మళ్లీ లేవలేదు. రాత్రి రెండుంబావుకి టార్చి వేసి చూస్తే ఫ్యాను తిరుగుతోంది, కానీ రెక్కలు లెక్కపెట్టేంత నిదానంగా.

కావలి మెకానిక్

సగం తేలిపోయింది. గ్యాస్ కాదు, సెన్సార్ కాదు. బయటి ఫ్యాను మోటారుకి ఊపునిచ్చే కెపాసిటర్ అన్నా బలహీనపడి ఉండాలి, మోటారు బేరింగ్ అన్నా పట్టేసి ఉండాలి. ఫ్యాను తిరగక వేడి బయటికి పోదు, కంప్రెసర్ కాగిపోయి దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ కట్ చేస్తుంది, ఒళ్లు చల్లారేదాకా లేవనివ్వదు. రాత్రి పడమర గాలి తగ్గి బయట చల్లబడితే ఆ కాస్త తిరుగుడుతోనే నెట్టుకొస్తుంది. ఇప్పుడు గ్యాస్ అదనంగా పోయించి ఉంటే ప్రెషర్ ఇంకా పెరిగి పదకొండో నిమిషం కాదు, ఐదో నిమిషానికే ఆగేది.

దయచేసి అప్పటిదాకా ఏసీ వేయొద్దు. ఇట్లా రోజూ కాగితే కంప్రెసర్ లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్ పోతుంది, దాని ఖర్చు ముందు ఇదెంత. జాలీలోంచి పుల్లతో ఫ్యాను తిప్పే ప్రయత్నం కూడా చేయకండి. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, మీరు ముట్టుకోవద్దు. వచ్చిన మనిషిని మీటరుతో కెపాసిటర్ కొలిచి చూపించమనండి, దాని మీద రాసిన అంకెకీ కొలతకీ బాగా తేడా ఉంటే మార్చాలి. కరెంటు ఆపి చేత్తో తిప్పితే ఫ్యాను తేలిగ్గా తిరగాలి, గరగరమంటే బేరింగ్. పనిలో పనిగా పైపుల నట్ల దగ్గర సబ్బునురగ పెట్టించండి, లీకు ఉంటే బుడగలొస్తాయి, నిరుటి అనుమానం కూడా తీరిపోతుంది.

వేదాయపాలెం మేడ

రెండు రోజులు అమ్మని కింది ఇంటి పిన్నిగారి హాల్లో పడుకోబెట్టాం. ఈరోజు పొద్దున వేరే కుర్రాడు వచ్చాడు. మూత విప్పగానే చూపించాడు, చిన్న నల్ల డబ్బా, ఒక పక్క ఉబ్బిపోయి ఉంది. మీద 2.5 అని రాసి ఉంటే మీటరులో 0.9 చూపించింది. ఫ్యాను చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది. కొత్త కెపాసిటర్, వెనక రేకులు కడగడం, అన్నీ కలిపి 650 తీసుకున్నాడు. సబ్బునురగ పెట్టించా, ఎక్కడా బుడగ రాలేదు. మధ్యాహ్నం రెండింటికి గది 35 డిగ్రీలు ఉంటే లోపలి యూనిట్ జాలీ దగ్గర గాలి 23 వచ్చింది, రెండు గంటలు ఆగకుండా నడిచింది. గ్యాస్ వేస్తానన్న ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశా. అమ్మ ఇప్పుడే నిద్రపోయింది. మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఒక్క సందేహం, ఆ పడమటెండకి బయటి యూనిట్ మీద రేకు వేయించొచ్చా?

కావలి మెకానిక్

వేయించండి, కానీ పైన ఒకటిన్నర అడుగు ఖాళీ ఉండాలి, ముందు వైపు ఏదీ అడ్డం రాకూడదు. ఫ్యాను వదిలిన వేడిగాలి రేకుకి తగిలి మళ్లీ వెనకనుంచి లోపలికే పోతే నీడ వేసి ఉపయోగం లేదు. మైపాడు వైపు ఒకాయన పాపం మూడు వైపులా రేకులు కట్టించి, మళ్లీ నాతోనే విప్పించుకున్నాడు.