క్యాంపర్‌లో కుక్కల్ని వదిలి వెళ్లినప్పుడు ఏసీ ఆగిపోతే? మీరేం జాగ్రత్త తీసుకుంటున్నారు?

రెండు తోకలు:

నమస్తే అండీ అందరికీ. మేము సెకండ్ హ్యాండ్‌లో క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే బండి) తీసుకుని నాలుగు నెలలైంది. మా ఆయన, నేను, ఎనిమిదేళ్ల లాబ్రడార్, మూడేళ్ల పగ్. ఇన్నాళ్లూ చలికాలం కాబట్టి ఎక్కడికెళ్లినా వాటిని బండిలో పడుకోబెట్టి గంటా రెండు గంటలు తిరిగొచ్చేవాళ్లం, ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి, వచ్చే నెల మూడు వారాల ట్రిప్ ఉంది, మేము చూడాలనుకున్న చోట్లలో సగానికి పైగా కుక్కల్ని లోపలికి రానివ్వరు.

ఇలాంటి బండ్లు ఆపుకునే క్యాంప్‌సైట్‌లో కరెంట్ ఉంటుంది కదా, ఏసీ 24లో పెట్టి వెళ్తే ఇంట్లో వదిలినట్టే అంటారు మా ఆయన. నాకు మనసొప్పట్లేదు. ఇంట్లో కరెంట్ పోయినా మందపాటి గోడలున్నాయి, చల్లటి గచ్చుంది, ఒక గది వేడెక్కితే ఇంకో గదిలోకి పోతాయి. ఇక్కడ ఎక్కడికి పోతాయి?

మొన్న ఆదివారం జరిగింది చెప్తాను. ఏసీ లేకుండా, పైకప్పులో గాలి ఆడేందుకు ఉండే వెంట్ ఫ్యాన్ వేసి, ఒక కిటికీ తీసి, చెట్టు నీడలో బండి ఆపి సరుకులకు వెళ్లాం. 25 నిమిషాల్లో వచ్చేశాం. తలుపు తీసేసరికి పగ్ నిలబడి రొప్పుతోంది, మెడ ముందుకు చాచి గురగురమంటోంది, చొంగ కారిపోతోంది, పడుకోమన్నా పడుకోవట్లేదు. నీడేమో అప్పటికే పక్కకి జరిగిపోయింది. కిందికి దించి నీళ్లు పోసి అట్టముక్కతో విసిరితే పది నిమిషాలకి తేరుకుంది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

మీరు వదిలి వెళ్తారా, వెళ్తే ఎంతసేపు? ఏసీ మధ్యలో ఆగిపోతే మీకెలా తెలుస్తుంది? ఫోన్‌కి మెసేజ్ పంపే థర్మామీటర్లు ఉన్నాయంటున్నారు, వాటిని నమ్మొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.


చక్రాల మీద ఇల్లు:

మీ భయం సరైనదే అండీ. మేము ఆరేళ్లుగా కుక్కతో తిరుగుతున్నాం. మూడో ఏడాది ఎండాకాలంలో ఒకరోజు ఏసీ వేసి, నీళ్లు పెట్టి, మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్లాం. క్యాంప్‌సైట్ నిండిపోయి ఉంది, అన్ని బండ్ల ఏసీలూ ఒకేసారి నడుస్తున్నాయి. మా బండికి కరెంట్ ఇచ్చే స్తంభం దగ్గర బ్రేకర్ ట్రిప్ అయి కరెంట్ ఆగిపోయింది. ఎవరూ చూడలేదు, చూడాల్సిన పని ఎవరికుంటుంది? మేము వచ్చేసరికి యాభై నిమిషాలు. లోపల 37 డిగ్రీలు. మావాడు బాత్రూమ్ నేలకి పొట్ట ఆనించి పడుకుని ఉన్నాడు, మమ్మల్ని చూసి తోక ఆడించాడు కానీ లేచి రాలేదు. వెట్ (పశువుల డాక్టర్) దగ్గర రెండు రోజులు ఉంచాల్సి వచ్చింది. ఆ బాత్రూమ్ తలుపు తీసి ఉండబట్టే దక్కాడని ఇప్పటికీ అనుకుంటాం. అందుకే ఒకటి గట్టిగా చెప్తాను, క్రేట్‌లో (కుక్కల బోనులో) పెట్టి గొళ్లెం వేసి వెళ్లకండి. చల్లటి మూల ఎక్కడుందో వెతుక్కునే వీలు వాటికి ఉండాలి.

ఆ తర్వాత మేము చేసిన పని మీరు కూడా ట్రిప్‌కి ముందే చేయండి. కుక్కలు లేకుండా, బాగా ఎండ ఉన్న మధ్యాహ్నం, బండిని ఏసీతో 24కి తెచ్చి, మీరు వెళ్లేటప్పుడు కిటికీలు ఎలా ఉంచుతారో అలాగే ఉంచి, ఏసీ ఆపేయండి. థర్మామీటర్‌ని కుక్క ముక్కు ఎత్తులో పెట్టండి, పైన షెల్ఫ్ మీద కాదు. 30 రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మాకు 19 నిమిషాలు వచ్చింది. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా పది నిమిషాల్లో తిరిగి రాగలిగే దూరంలోనే ఉంటాం, దానికి మించిన చోటికి వాడు మాతో వస్తాడు, లేదా మేమే వెళ్లం. ఏసీ నడుస్తున్నంతసేపు అన్నీ బాగానే ఉంటాయండీ, అది ఆగాక మీ చేతిలో ఎంత టైమ్ ఉందన్నదే లెక్క.

చిన్న కార్లతో పోలిస్తే క్యాంపర్ నిదానంగా వేడెక్కుతుందని కొంతమంది ధీమాగా ఉంటారు. మూసిన కారులో బయట 24 ఉన్నప్పుడే పది నిమిషాల్లో 34, అరగంటలో 43 వరకు వెళ్తుంది, కిటికీలు కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. క్యాంపర్‌లో గాలి ఎక్కువ కాబట్టి కొంచెం ఆలస్యం, అంతే. పల్చటి గోడలు, పైకప్పులో స్కైలైటు, ముందు అంత పెద్ద అద్దం, వీటన్నిటి గుండా వేడి వస్తూనే ఉంటుంది.


నీలి స్టెతస్కోప్:

నేను వెట్‌ని, ఆరోగ్యం వైపు నుంచి చెప్తాను. ముందు మీ పగ్ గురించి. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కొంచెం పడుతుంది, అది లెక్కలోకి రాదు. రొప్పినప్పుడు నాలుక మీద, ముక్కులో, శ్వాసనాళంలో తడి ఆరుతూ ఒంటి వేడిని తీసుకెళ్తుంది. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి వెనక మెత్తటి భాగం పొడవు, గాలి ఆడే దారే సరిగా ఉండదు. అవి రొప్పడానికి పడే కష్టంతోనే ఇంకాస్త వేడి పుడుతుంది, గొంతు లోపల వాచి దారి మరింత ఇరుకవుతుంది. మీరు చెప్పిన గురగుర, మెడ చాచడం, పడుకోలేకపోవడం అదే. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే కథ వేరుగా ఉండేది. భయపెట్టాలని చెప్పట్లేదు, మళ్లీ ఆ పరిస్థితి రాకూడదని చెప్తున్నాను.

ఉక్కపోత సంగతి చాలామంది మర్చిపోతారు. మూసిన బండిలో రెండు కుక్కలు రొప్పుతుంటే ఆ ఆవిరంతా లోపలే ఉండిపోతుంది, గాలిలో తేమ పెరిగేకొద్దీ రొప్పినా ఒళ్లు చల్లబడదు. ఒంటికి తడి కోటు తొడిగి మూసిన బండిలో వదిలేస్తే తేమ ఇంకా పెరుగుతుంది. జెల్ పరుపులు కూడా కాసేపటికి ఒంటి వేడికే వెచ్చబడిపోతాయి, పక్కన పెట్టండి తప్పులేదు, వాటి మీద నమ్మకం పెట్టుకోకండి.

లాబ్రడార్‌కి పర్వాలేదులే అనుకోకండి. వయసు పైబడిన లాబ్రడార్లలో గొంతు కండరం పక్షవాతం వచ్చినట్టు బలహీనపడి, గాలి పీల్చేటప్పుడు స్వరపేటిక సరిగా తెరుచుకోని జబ్బు ఒకటుంది. మొరుగు బొంగురుపోవడం, కొంచెం నడిచినా పెద్ద శబ్దంతో ఊపిరి తీయడం దాని గుర్తులు. అలాంటిదేమైనా గమనించారా? ఉంటే ఎండలు ముదిరేలోపే చూపించండి, బరువు ఎక్కువుంటే అది కూడా తగ్గించాలి.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 మధ్య ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ కిందే లెక్క. రొప్పడం ఆగకపోవడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ముదురు ఎరుపులోకి మారడం, వాంతి, తూలడం, పిలిస్తే పలకకపోవడం, ఇవి కనిపిస్తే ముందు అక్కడే చల్లబరచండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి. ట్యాప్ నీళ్లు ఒళ్లంతా తడిసేలా పోస్తూ ఉండండి, గాలి తగలనివ్వండి, కారులో తీసుకెళ్తూ కూడా ఏసీ పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికే అది వెచ్చబడి దుప్పటిలా వేడిని పట్టేస్తుంది. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. థర్మామీటర్ ఉంటే 39.5 దగ్గరికి రాగానే నీళ్లు పోయడం ఆపండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. తేరుకుని చక్కగా తిరుగుతున్నా సరే వెట్‌కి చూపించండి, కిడ్నీల ఇబ్బంది, రక్తం గడ్డకట్టడంలో తేడాలు ఒకటి రెండు రోజులు ఆగి బయటపడతాయి.

ఆడించి, పరుగులు పెట్టించి, అలసిపోయిందని వెంటనే బండిలో పెట్టి వెళ్తుంటారు కొందరు. అలా వద్దు, ఒళ్లు పూర్తిగా చల్లబడి ఊపిరి మామూలయ్యాకే వదలండి. పగ్ ఉన్న బండిలో అలారం 27కి పెట్టుకోమంటాను, 30 కాదు.


వైర్ల పిచ్చి:

థర్మామీటర్లను నమ్మొచ్చా అన్నారు కదా, అది మెసేజ్ ఏ దారిలో పంపుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్లూటూత్‌వి బండి దాటితే పనికిరావు. వైఫైవి కరెంట్ ఉన్నంతసేపే, కరెంట్ పోతే రౌటర్ కూడా పోతుంది, సరిగ్గా మీకు కబురు కావాల్సిన నిమిషంలోనే అది మూగబోతుంది. సొంత సిమ్, సొంత బ్యాటరీ ఉన్న రకం తీసుకోండి, వేడి పెరిగినా, కరెంట్ పోయినా విడివిడిగా మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి. కొన్నాక మీరే బ్రేకర్ దించి, ఎన్ని నిమిషాలకి ఫోన్ మోగిందో చూడండి. ఇంకో సంగతి, సిగ్నల్ లేనిచోట అదీ మాట్లాడదు, మీ ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా అంతే. మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోకూడదు. అందుకే నేను పావుగంటకోసారి యాప్ తెరిచి చివరి రీడింగ్ ఎప్పటిదో చూస్తాను, అది పాతదైతే వెనక్కి బయల్దేరతాను.

కరెంట్ పోయి మళ్లీ వచ్చినప్పుడు మీ ఏసీ దానంతటదే మొదలవుతుందా? కొన్ని మొదలవుతాయి, కొన్ని మనం బటన్ నొక్కేదాకా అలాగే ఉండిపోతాయి. ఇది ఇంటి దగ్గరే తేల్చుకోండి. కరెంట్ పూర్తిగా పోనక్కర్లేదు కూడా, మధ్యాహ్నం లోడ్ పెరిగి వోల్టేజ్ పడిపోతే గాలిని చల్లబరిచే కంప్రెసర్ ఆగిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూ ఉంటుంది, బయటినుంచి వింటే ఏసీ నడుస్తున్నట్టే ఉంటుంది.

ఏసీ ఫిల్టర్ తీసి చూశారా ఎప్పుడైనా? కుక్కలున్న బండిలో వారానికోసారి కడగాలి. బొచ్చు పట్టేసి గాలి తగ్గితే లోపల కాయిల్ మీద మంచు గడ్డకట్టి చల్లగాలి రావడమే ఆగిపోతుంది. మొత్తం బాగానే ఉందని తెలియాలంటే ఏసీ పీల్చుకునే గాలికీ వదిలే గాలికీ తేడా కొలవండి, 9 నుంచి 12 డిగ్రీలు ఉండాలి.

వెంట్ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తెస్తుంది, అంతకన్నా చల్లగా చేయలేదు. బయట 33 ఉంటే లోపల 33 లోపు రాదు. పైగా చాలా ఫ్యాన్లకి వాన సెన్సర్ ఉంటుంది, నాలుగు చినుకులు పడగానే మూత మూసేసుకుంటుంది, కొన్నిటిలో ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, పది నిమిషాల్లో ఎండ వచ్చేసినా మూత మూసే ఉండిపోవచ్చు. మీది ఏ రకమో చూసుకోండి. బ్యాటరీ, ఇన్వర్టర్ మీద ఏసీ నడుపుతామని ఇంకెవరైనా చెప్తే లెక్క వేసుకోండి, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో దాదాపు 1,280 వాట్ అవర్లు ఉంటాయి, పైకప్పు ఏసీ గంటకి 1,200 నుంచి 1,500 దాకా తింటుంది. అంటే ఆపకుండా నడిస్తే మహా అయితే గంట వస్తుంది. మీరు పరుగెత్తుకు రావడానికి ఆ టైమ్ పనికొస్తుంది, సినిమా చూసి రావడానికి కాదు.

అద్దాలకి వెండి రంగు తెరలు లోపల కాకుండా బయట కట్టండి. లోపల కడితే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక ఆపుతున్నట్టు.


ఒంటరి బాట:

నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఎండాకాలంలో నేను అసలు వదలను. ఇంతకుముందు యంత్రాల మీద ఆధారపడేదాన్ని, ఒకసారి సిగ్నల్ లేని లోయలో మెసేజ్ గంటన్నర ఆలస్యంగా వచ్చింది, అదృష్టం కొద్దీ అది ఉత్తుత్తి అలారం. ఆ గంటన్నర గుర్తొస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మీరు ఇద్దరున్నారు కదా, ఒకరు లోపలికెళ్లి చూసి రండి, ఇంకొకరు కుక్కల దగ్గర ఉండండి, తర్వాత మారండి. లేదా రోజువారీగా కుక్కల్ని చూసుకునే చోట అప్పగించండి. కొన్ని చోట్ల వేడెక్కే బండిలో కుక్కని అలా వదలడమే నేరం, దాని ప్రాణం మీదికి వస్తే ఎవరైనా అద్దం పగలగొట్టడానికి కూడా కొన్నిచోట్ల చట్టం ఒప్పుకుంటుంది.


చక్రాల మీద ఇల్లు:

ఒంటరి బాట గారు చెప్పింది పగ్ విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఒకవేళ వదిలినా, పక్క బండి వాళ్లని పరిచయం చేసుకుని ఒక తాళం చెవి ఇవ్వండి, తలుపు మీద మీ ఫోన్ నంబర్ పెద్ద అక్షరాల్లో అతికించండి. కుక్కలున్నవాళ్లయితే ఇంకా మంచిది, అడగ్గానే ఒప్పుకుంటారు.


రెండు తోకలు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. శనివారం, ఆదివారం రెండు రోజులూ మధ్యాహ్నం టెస్ట్ చేశాం. మొదటి రోజు ఏ తెరలూ లేకుండా: 24 నుంచి 27కి 7 నిమిషాలు, 30కి 16 నిమిషాలు. రెండో రోజు అద్దాలకి బయటినుంచి తెరలు కట్టి, పక్కన పందిరి దించి, పెద్ద అద్దం ఎండకి ఎదురుగా లేకుండా తిప్పి పెడితే 27కి 12, 30కి 26. ఇంత తేడా వస్తుందని అనుకోలేదు. మొదటి రోజు మా ఆయన గడియారం పట్టుకుని లోపలే కూర్చున్నారు, 31 దగ్గర తలుపు తోసుకుని బయటికొచ్చేశారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా వాదన లేదు.

పన్నెండు నిమిషాల్లో మేము ఎక్కడినుంచీ రాలేం కాబట్టి పగ్‌ని ఒంటరిగా వదలడం మానేశాం. చూడాల్సినవన్నీ వంతులవారీగానే, అది కూడా పొద్దున్నే. మూడు చోట్లు లిస్టులోంచి తీసేశాం. సిమ్ ఉన్న మానిటర్ ఎలాగూ కొన్నాం, బ్రేకర్ దించితే మూడు నిమిషాలకి మెసేజ్ వచ్చింది. మా ఏసీ కరెంట్ తిరిగొచ్చాక దానంతటది మొదలవ్వట్లేదు, అది తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఫిల్టర్‌లో గుప్పెడు బొచ్చు దొరికింది.

నీలి స్టెతస్కోప్ గారూ, మీరు అడిగాక గమనించాను, మా లాబ్రడార్ మొరుగు రెండు నెలలుగా కొంచెం బొంగురుగానే ఉంది, మొరిగి మొరిగి అయ్యుంటుందిలే అనుకున్నాం. శుక్రవారం చూపిస్తున్నాం, వెట్ ఏమన్నారో వచ్చి రాస్తాను.