అప్‌డేట్: మంచు కొండల మీద స్లెడ్ పనికొచ్చిందా?

చలికాలం ట్రెక్‌లో బ్యాగ్ వీపున మోయకుండా స్లెడ్ (మంచు మీద జారే, చక్రాల్లేని బండి) మీద లాగొచ్చా అని అడిగాను కదా. "నడుం బెల్టుకీ స్లెడ్‌కీ మధ్య తాడు ఒక్కటే వద్దు, గట్టి కడ్డీలు పెట్టు" అన్నారు చాలామంది. ఉత్తరాఖండ్‌లో సాంక్రి నుంచి కేదార్‌కాంఠ వెళ్లొచ్చాం. శిఖరం సుమారు 12,500 అడుగులు.

బయల్దేరే ముందు కళింగపట్నం బీచ్‌లో ఇసుక మీద లాగి చూశాం. వల బాగుచేసుకుంటున్న ఒక తాత "ఏటి బాబూ, ఎడ్లు దొరకనేదా?" అన్నాడు. మంచు కంటే ఇసుకలో రాపిడి ఎక్కువ, బరువు అంచనాకి పనికిరాదు. నడుం బెల్టు ఎక్కడ ఒరుసుకుంటుందో మాత్రం అక్కడే తెలిసిపోయింది.

కడ్డీల సలహా నూటికి నూరుపాళ్లు నిజం. పీవీసీ పైపుల్లోంచి తాడు దూర్చి బెల్టుకి కట్టాం. ఉత్త తాడైతే దిగేటప్పుడు స్లెడ్ వచ్చి మడమలకి కొడుతుంది.

అసలు టెన్షన్ ఏటవాలుకి అడ్డంగా నడిచేటప్పుడే. దారి కంటే స్లెడ్ వెడల్పు. ఒక అంచు జారి, పల్లం వైపు వేలాడి, నడుముని పక్కకి లాగేస్తుంది. స్టవ్, తిండి లాంటి బరువులన్నీ అడుగున పరిచి బిగించాక బోల్తా పడడం తగ్గింది. వెనక ఒకరు తాడు పట్టుకుంటే ఇంకా నయం.

అడవిలో వేర్లు, రాళ్లు తేలినచోట మళ్లీ వీపుకే. అందుకే స్లెడ్ మీద విడి సామాను కాదు, బ్యాగే కట్టాలి. శిఖరం రోజున స్లెడ్ క్యాంపులోనే.

నన్నడిగితే కేదార్‌కాంఠకి స్లెడ్ దండగ. లద్దాఖ్‌లో గడ్డకట్టిన జాంస్కర్ నది మీద పోర్టర్లు సామాను స్లెడ్ల మీద లాగుతారు, అలాంటి చదునుకే అది. తమ్ముడు అప్పుడే జాంస్కర్ గురించి ఆరా తీస్తున్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.