అక్కకు పరిచయమైన విదేశీ డాక్టరు నిజమైనవాడో కాడో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: నరసన్నపేట తమ్ముడు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. ఇంటి విషయం బయట పెట్టడం నాకు ఇష్టం లేదు కానీ, ఊళ్లో ఎవరినీ అడగలేని విషయం కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా అక్కకు 43 ఏళ్లు. బావగారు పోయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. గత ఆగస్టులో ఒక సంబంధాల వెబ్‌సైటులో ఒక విదేశీయుడు పరిచయమయ్యాడు. ఊరు స్కాట్లండ్‌లోని అబర్డీన్ అనీ, ఉత్తర సముద్రంలో చమురు తీసే వేదిక మీద డాక్టరుననీ, భార్య చనిపోయిందనీ, తొమ్మిదేళ్ల కూతురు ఉందనీ చెప్పాడు. నాలుగు నెలలుగా ఉదయం, రాత్రి సందేశాలు నడుస్తూనే ఉన్నాయి. వీడియో కాల్ మాత్రం ఒక్కసారే కలిసింది, అదీ అర నిమిషం, మసకగా. సముద్రం మీద సిగ్నల్ ఉండదని అక్క సమాధానం.

డిసెంబరులో అక్క పుట్టినరోజుకు పార్సిల్ పంపానన్నాడు. నాలుగు రోజుల తరువాత ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచి అంటూ ఒక ఆడమనిషి ఫోన్ చేసి సుంకం కట్టమంటే, అక్క ఫోన్‌పేలో రెండు విడతలుగా 42,000 రూపాయలు పంపింది. నాకు చెప్పలేదు. ఇప్పుడు ఆ పెట్టెలో బ్రిటిష్ పౌండ్లు నగదుగా దొరికాయనీ, మనీ లాండరింగ్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసం 1,85,000 కట్టాలనీ, కట్టకపోతే అక్క మీద కేసు పెడతామనీ అంటున్నారు. గాజులు బ్యాంకులో కుదువ పెడదామని అక్క బయలుదేరినప్పుడు నాకు తెలిసింది.

ఇది మోసమని నేను అన్నాను. "నీకు పెళ్లాం పిల్లలు ఉన్నారు, నాకెవరున్నారు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నా అనుమానం ఆమెకు అక్కరలేదు. ఆమె తన కళ్లతో తానే పరీక్షించి తెలుసుకోగలిగిన గుర్తులు ఏవైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

బాబూ, మిగతాది తరువాత చదువుదురు గాని, ముందు సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపినది 42,000 అయినా, రోజులు గడిచిపోయినా ఫిర్యాదు నమోదు కావాలి. అక్కడి నుంచి సమాచారం బ్యాంకులకు వెళ్తే, ఎదుటి ఖాతాలో మిగిలి ఉన్న డబ్బును ఆపుతారు. మిగలకపోతే ఆపడానికి ఏమీ ఉండదు. అందుకే గంటలు లెక్క పెట్టుకోవాలి. 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పుడు నంబరు 155260 ఉండేది, పాత కరపత్రాల్లో అదే కనిపిస్తుంది. ఇప్పుడు 1930.

ఇక మీరు అడిగిన గుర్తుల సంగతి. ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అని మీ అక్కగారితో వాదించకండి, ఎందుకంటే మనిషి మీకూ కనిపించలేదు, ఆవిడకూ కనిపించలేదు. డబ్బు మాత్రం కనిపిస్తుంది. ఆ రెండు ఫోన్‌పే లావాదేవీలు తెరిచి, డబ్బు అందుకున్న ఖాతాదారు పేరు ఆవిడ చేతనే చదివించండి. అది ఏ ప్రభుత్వ ఖాతా పేరూ అయి ఉండదు. ఎక్కడో వేరే రాష్ట్రంలోని ఎవరో వ్యక్తి పేరు అయి ఉంటుంది. ఇలాంటి వాటిని మ్యూల్ ఖాతాలు అంటున్నారు. కమీషనుకు ఆశపడి కూలివాళ్లూ, చదువుకునే కుర్రవాళ్లూ తమ పాసుబుక్కు, ఏటీఎం కార్డు ఇంకొకరి చేతిలో పెడతారు, చివరికి పోలీసులు మొదట తలుపు తట్టేది కూడా వాళ్లదే.

నేను కౌంటరులో ఉన్న చివరి రోజుల్లో ఒక ఆవిడ ఇలాగే పెద్ద మొత్తం పంపే ఆర్‌టీజీఎస్ ఫారం నింపి తెచ్చింది. పంపే కారణం దగ్గర కస్టమ్స్ అని ఉంది, అందుకునేవారి దగ్గర ఇంటిపేరుతో సహా ఒక మగమనిషి పేరు ఉంది. "అమ్మా, కస్టమ్స్ ఆఫీసుకు ఇంటిపేరు ఉంటుందా?" అని అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా ఫారం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని వెళ్లిపోయింది.

కస్టమ్స్ శాఖ ఎవరికీ ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాకు సుంకం పంపమని అడగదు. ఆ శాఖ నుంచి ఉత్తరం వస్తే, 2019 నవంబరు నుంచి దాని మీద డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరు వేసే నియమం వచ్చింది; ఆ నంబరును కస్టమ్స్‌ను చూసే కేంద్ర మండలి సీబీఐసీ వెబ్‌సైటులో కొడితే ఉత్తరం అసలుదో నకిలీదో తేలిపోతుంది. రేపో మాపో రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక పత్రం కూడా వాట్సాప్‌లో వస్తుంది, చూస్తూ ఉండండి. రిజర్వు బ్యాంకు వ్యక్తుల పేర ఖాతాలు నడపదు, ఎవరి సొమ్మునూ విడుదల చేయడానికి రుసుము అడగదు.

ఆ ఫోన్ నంబరు కూడా ఒకసారి చూడండి. బ్రిటన్ కోడ్ 44 తరువాత 70తో మొదలైతే అది బ్రిటన్‌లో మామూలు మొబైల్ నంబరు కాదు. పర్సనల్ నంబరు అనే వేరే రకం. దానికి వచ్చే కాల్‌ను ప్రపంచంలో ఎక్కడికైనా మళ్లించుకోవచ్చు. అలాగే బ్రిటన్‌లో వైద్యం చేసే డాక్టర్ల పేర్లు జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అయితే అక్కడ పేరు దొరికినంత మాత్రాన నమ్మకండి. ఆ పేరు గల అసలు డాక్టరు వేరే ఎవరో ఉండవచ్చు, పాపం ఆయనకు ఈ సంగతే తెలిసి ఉండదు.

జవాబు: పేరు చెప్పని అక్క, శ్రీకాకుళం

తమ్ముడూ, నేను 2021లో ఇలాగే 3,20,000 పోగొట్టుకున్నాను. అందుకే మీ అక్క అన్న మాట నాకు ఇంకోలా వినిపించింది. ఆవిడ డాక్టరును వెనకేసుకు రావడం లేదు, రోజూ "తిన్నావా" అని అడిగే ఒక గొంతును వదులుకోలేకపోతోంది. నన్ను నాలుగేళ్లలో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. మీరు అతణ్ణి ఎంత తిడితే ఆవిడ అంత గట్టిగా పట్టుకుంటుంది. ఇలాంటి సంగతులు బయటపడినప్పుడు ఇంట్లోవాళ్లు నవ్వుతారు, అది ఇంకా ఘోరం. 2022 ఒక్క సంవత్సరంలో అమెరికాలో దాదాపు 70,000 మంది ప్రేమ పేరిట మోసపోయామని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు, పోయిన సొమ్ము 130 కోట్ల డాలర్లు. వాళ్లందరూ తెలివితక్కువవాళ్లు కాదని మీ అక్కకు మీరే చెప్పండి.

నాకు మొదటి అనుమానం ఒక గడియారం వల్ల వచ్చింది. నావాడు తాను బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో ఇంజనీరునని చెప్పేవాడు. మా పక్కింటి అబ్బాయి బ్రిటన్‌లో చదువుతూ ప్రతి ఆదివారం రాత్రి 8 గంటలకు వాళ్లమ్మకు ఫోన్ చేసేవాడు. అక్టోబరు చివరి ఆదివారం ఫోన్ 9 గంటలకు వచ్చింది. ఆలస్యమేమిట్రా అంటే, ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు, మార్చి దాకా మనకూ ఇండియాకూ అయిదున్నర గంటల తేడా అన్నాడట. ఆ రాత్రే నేను నావాణ్ణి "గడియారం మార్చుకున్నారా?" అని అడిగాను. "ఏ గడియారం?" అన్నాడు. ఊరంతా గంట వెనక్కి జరిగితే ఆ ఊళ్లో ఉన్నవాడికి తెలియలేదు. అంత తెలిసి కూడా ఆ తరువాత ఇంకోసారి డబ్బు పంపాను. ఎందుకు పంపానని అడగకండి, నాకూ తెలియదు.

ఆవిడ పక్కన కూర్చుని, అతని ఫొటోలను, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో ఆవిడ చేతనే వెతికించండి. నావాడి మొహం ఇంకో పేరుతో, ఇంకో దేశంలో, పెళ్లాం పిల్లలతో దొరికింది. ఒకవేళ దొరకకపోతే మంచివాడని అర్థం కాదు, ఈ మధ్య కంప్యూటరు చేత తయారు చేయించిన మొహాలు కూడా వస్తున్నాయి. వీడియో కాల్ కలిస్తే, చేతిని మొహం ముందు నుంచి అడ్డంగా కదపమని అడగడం ఒక పరీక్ష, కంప్యూటరు మొహమైతే అప్పుడు చెదరవచ్చు. అన్నిటికంటే మంచి పరీక్ష మరొకటి ఉంది. "ఢిల్లీ వచ్చి సుంకం నేనే స్వయంగా కడతాను, ఆఫీసు ఏ గదిలో ఉందో చెప్పండి" అని ఆ కస్టమ్స్ ఆవిడను అడగమనండి.

మరో రెండు మాటలు మీతో చెప్పాలి, ఇవి అక్కతో ఎలా చెబుతారో మీ ఇష్టం. ఆవిడ పంపకూడని ఫొటోలు ఏవైనా పంపి ఉంటే, రేపు డబ్బు ఆపగానే వాటితో బెదిరిస్తాడు. అప్పుడు రూపాయి కూడా ఇవ్వకూడదు, ఇస్తే మళ్లీ అడుగుతాడు. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఆడవాళ్ల ఫిర్యాదులకు వేరుగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. ఫొటోను ఎక్కడికీ పంపకుండానే, దాని నుంచి తయారయ్యే అంకెల గుర్తును మాత్రం ఇచ్చి, చేరిన వెబ్‌సైట్లలో అది పెట్టకుండా అడ్డుకునే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ కూడా ఉంది. ఇక రెండోది: పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ లాయర్లమనో, హ్యాకర్లమనో ఫోన్లు వస్తాయి. నాకు మూడు నెలల్లో రెండు వచ్చాయి. వాళ్లూ ముందు ఫీజే అడిగారు.

జవాబు: సోంపేట నుంచి

అటువైపు కూర్చుని సందేశాలు రాసేవాడు ఎవడో కూడా మీ అక్కగారికి తెలిస్తే మంచిది. మా పిన్ని కొడుకు 2023లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఒక ఏజెంటుకు లక్షన్నర కట్టి కంబోడియా వెళ్లాడు. దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, ఒక అమ్మాయి పేరు, ఫొటోలు, నాలుగు ఫోన్లు చేతికిచ్చారు. ఆ అమ్మాయిగా మగవాళ్లతో ప్రేమగా మాట్లాడడమే వాడి ఉద్యోగం. ఎదుటివాడు వీడియో కాల్ అడిగితే పక్క గదిలో అందుకోసమే కూర్చోబెట్టిన ఒక మోడల్ మాట్లాడేది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ఏజెంట్లను పట్టుకున్నప్పుడు మన ఉత్తరాంధ్ర పిల్లలు అక్కడ ఎందరు ఉన్నారో లోకానికి తెలిసింది. బలవంతంగా ఈ పని చేస్తున్నవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది.

వాడు చెప్పినదాంట్లో నన్ను కలవరపెట్టినది ఒక పట్టిక. మాట్లాడే ప్రతి మనిషికీ కంప్యూటరులో ఒక పేజీ ఉంటుందట. పిల్లల పేర్లు, జీతం ఎప్పుడు పడుతుంది, భర్తో భార్యో పోయిన తేదీ, ఏ దేవుడికి మొక్కుతారు, అన్నీ అందులో రాస్తారు. సంవత్సరీకం రోజున "ఈ రోజు నీ మనసు ఎలా ఉందో నాకు తెలుసు" అని సందేశం వెళ్తుంది. డ్యూటీ మారి ఇంకొకడు కూర్చున్నా ఆ పేజీ చూసే రాస్తాడు. చైనావాళ్లు ఈ పద్ధతికి పందిని మేపి కోయడమని పేరు పెట్టారు. మోసపోయినవాళ్లను అది అవమానిస్తుందని ఇంటర్‌పోల్ 2024 డిసెంబరులో ఆ పేరు వాడవద్దని కోరింది. మీ అక్కగారి ముందు మీరూ ఆ మాట వాడకండి.

కంబోడియా ముఠాల దారి పెట్టుబడి యాప్‌లు, పార్సిల్ కథ ఇంకో పాత ముఠాలది. ఊహించని ప్రేమ, కలవలేని దూరం, ఉన్నట్టుండి ఒక గడువు. రెండింటిలోనూ వరస ఇదే.

జవాబు: రాజాం తండ్రి

అందరూ మోసాల గురించే రాశారు కనుక, నిజమైన సంబంధం ఎలా ఉంటుందో నేను రాస్తాను, పోల్చి చూసుకోవచ్చు. మా అల్లుడు అమెరికా అబ్బాయి, మా అమ్మాయికి ఆన్‌లైనులోనే పరిచయం. మొదటి నెలలోనే వీడియోలో వాళ్లమ్మగారిని చూపించాడు. మాకు కరెంటు పోయినప్పుడు చీకట్లోనే ఆగి, వచ్చేదాకా కబుర్లు చెప్పేవాడు. ఏడాది తిరిగేలోగా విశాఖపట్నంలో దిగి, బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. పెళ్లి తొందర అతనికి లేదు, మాకే ఉంది.

ఆ తొందర కాగితాలు కూడా పడనివ్వవు. అమెరికాకు కాబోయే భార్యగా కే-1 వీసా మీద వెళ్లాలంటే, దరఖాస్తుకు ముందు రెండేళ్లలోపు ఇద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలిసి ఉండాలి. ఇక్కడే పెళ్లి చేసుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, ఆ నోటీసు అధికారి కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటిస్తారు. మేము ఈ రెండో దారిలోనే వెళ్లాము. నెల రోజులు మా వీధి అరుగుల మీద అదే కబురు, అది వేరే కథ. ఆ డాక్టరుగారిని మీ అక్కగారు "పెళ్లికి కాగితాలు ఎక్కడ మొదలుపెడదాం?" అని ఒక్క ప్రశ్న అడిగి చూడమనండి.

మళ్లీ నరసన్నపేట తమ్ముడు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులు అక్కకు చదివి వినిపించాను. పార్సిల్ సంగతి దగ్గర ఊరుకుంది కానీ, సంవత్సరీకం సందేశం దగ్గర లేచి వెళ్లిపోయింది. కాసేపటికి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. నవంబరులో బావగారి తిథి నాటి సందేశం, ఇంచుమించు అవే మాటలు.

ఫోన్‌పేలో డబ్బు అందుకున్నది రెండుసార్లు రెండు వేరు పేర్లు. ఈ రోజు ఉదయం స్పీకరు పెట్టి, ఢిల్లీ వచ్చి స్వయంగా కడతానని అక్క ఆ కస్టమ్స్ మనిషితో అన్నది. అవతలి గొంతు మొదట కసిరింది, తరువాత అరెస్టు అన్నది, చివరకు పై అధికారితో మాట్లాడి 1,85,000ను 60,000కు తగ్గించానని చెప్పింది. అక్క ఫోన్ పెట్టేసి, "సుంకానికి బేరం కూడా ఉంటుందట్రా" అన్నది. పదేళ్లుగా పిల్లలకు శాతాలు చెబుతున్న మనిషి.

1930కి చేశాము, ఫిర్యాదు సంఖ్య వచ్చింది. గాజులు బీరువాలో ఉన్నాయి. ఆ డాక్టరు నంబరును అక్క ఇంకా బ్లాక్ చేయలేదు. చాట్ అంతా పోలీసులకు ఆధారంగా ఉంచాలని నువ్వే కదా అన్నావు అంటోంది. నేను మరేమీ అడగలేదు.