కీబోర్డు డబుల్ కొడతా ఉంది, వారంటీ ఉన్నా "సముద్రం గాలి" అని చెయ్యనంటున్నారు, ఏం చెయ్యాలి?

సింగరాయకొండ_ఆన్‌లైన్:

అందరికీ నమస్తే. మాది సింగరాయకొండ, స్టేషన్‌కి పోయే దోవలో చిన్న ఆన్‌లైన్ షాపు, నేనొక్కడినే కూర్చుంటా, పిల్లకాయల ఎంట్రన్స్ అప్లికేషన్లు, అడంగల్ 1బి ప్రింట్లు, పెన్షన్ కాయితాలు, రైలు టికెట్లు, ఇయ్యే పని. పోయినేడు ఒక పేరున్న కంపెనీ ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో కొన్నా, నలభై వేల పైనే పడింది, కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ కాకుండా ఇంకో రెండేళ్ళు ఎక్స్‌టెండెడ్ అని విడిగా డబ్బు కట్టా, మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క మిషను మీదే కాబట్టి.

ఇప్పుడు కీబోర్డు తేడా చేస్తా ఉంది. మొదట స్పేస్‌బార్ ఒకసారి నొక్కితే రెండు పడేవి, తర్వాత 6, ఇప్పుడు బ్యాక్‌స్పేస్ గట్టిగా నొక్కితేగాని పలకదు. ఊరికే ఉత్తరం టైపు చేసుకునేవాళ్ళకి ఇది చిన్న విషయమే, నాకు కాదు. ఆధార్ నంబరులో ఒక అంకె ఎక్కువ పడితే సైటే తప్పు అని చెప్పుద్ది, ఫోన్ నంబరు అట్టా కాదు, పది అంకెలు కాగానే బాక్సు ఆగిపోతుంది, మధ్యలో 6 రెండుసార్లు పడిందంటే చివరి అంకె బయటికి పోతుంది, చూడటానికి పది అంకెలే ఉంటాయి, ఫారం ఒప్పుకుంటది, ఓటీపీ మాత్రం ఎవరికో పోతుంది. ఒక పిల్ల ఎంట్రన్స్ అప్లికేషన్‌లో ఇట్టాగే పడింది, సబ్‌మిట్ కొట్టే ముందు వాళ్ళ నాయన చూశాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి నంబరూ వచ్చినోళ్ళ చేత పైకి చదివిస్తా ఉన్నా, ఒక్కో అప్లికేషన్‌కి పట్టే టైము డబుల్ అయింది.

ఒంగోలులో వాళ్ళ సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోయా. లైటు పెట్టి పైపైన చూసి "మీది సముద్రం పక్క ఊరు, తేమకి లోపల తుప్పు పట్టింది, ఇది లిక్విడ్ డ్యామేజ్ కింద వస్తుంది, వారంటీ వర్తించదు" అన్నారు. నీళ్ళు, టీ, ఏదీ దాని మీద పడలేదు సార్ అన్నా వినలేదు. కీబోర్డు ఒక్కటే మార్చడం కుదరదంట, పై కవరు మొత్తం మార్చాలంట, తొమ్మిది వేల పైన అవుతుందన్నారు. షాపులో వాడతా ఉన్నారు కాబట్టి కమర్షియల్ యూజ్ అని ఇంకో మాట కూడా అన్నారు. ఇదంతా కాయితం మీద రాసి ఇవ్వండి అంటే సిస్టంలో అట్టాంటి ఆప్షన్ లేదంట. పాకల బీచ్ మా ఊరికి దగ్గరే, నిజమే, అయితే ఒడ్డున ఉండే ఊళ్ళకి వాళ్ళు అమ్మకుండా ఉండారా? మరి వారంటీ ఎందుకు అమ్మారు నాకు? ఇప్పుడు నేనేం చెయ్యాలో తెలిసినోళ్ళు చెప్పండి.

నెల్లూరు_సర్వీస్‌టేబుల్:

తమ్ముడూ నేను నెల్లూరులో ల్యాప్‌టాప్ రిపేర్లు చేస్తా, మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి రొయ్యల గుంటల కాడ వాడే ల్యాప్‌టాప్‌లు నాకు రోజూ వస్తా ఉంటాయి, కాబట్టి ఉప్పుగాలి ఏం చేసుద్దో నాకు బాగా తెలుసు. ఉప్పుగాలి వచ్చి కీబోర్డు ఒక్కదాన్నే ఏరుకుని కొట్టదు. ముందు యూఎస్‌బీ పోర్టుల ఇనుము నల్లబడుద్ది, కింద స్క్రూల తలకాయలు తుప్పు పడతాయి, ఫ్యాన్ కాడ రాగి పైపు పచ్చబడుద్ది. అవన్నీ శుభ్రంగా ఉండి నాలుగు కీలు మాత్రమే చెడిపోయినాయంటే గాలి మీద తోసేదానికి లేదు.

లోపల ఎట్టుండాదో చెప్తా. ప్రతి కీ కింద చిన్న రబ్బరు గుమ్మటం ఉంటది, దాని కింద పల్చటి ప్లాస్టిక్ షీట్లు మూడు, పైదానికీ కిందదానికీ వెండి రంగు గీతలు అచ్చేసి ఉంటాయి, మధ్య షీటుకి బొక్కలు. నువ్వు నొక్కితే పై గీత కింద గీతకి తగిలి అక్షరం పడుద్ది. టీ గానీ నీళ్ళు గానీ దిగితే షీట్ల మధ్యకి పాకి గీతలు నల్లబడతాయి, అప్పుడు ఒక వరసలో కీలు కలిసే పోతాయి, ఒకటి నొక్కితే ఇంకోటి కూడా పడుద్ది. నీకు అట్టా కాదు, వేరే వేరే చోట్ల కీలు ఒక్కొక్కటిగా పోయినాయి, ఎక్కువ నొక్కే కీలు అవి. నేను చూడకుండా ఖాయంగా చెప్పను గానీ వినడానికి ఇది తయారీలో లోపం లాగా ఉండాది.

చాలా మోడళ్ళలో నీళ్ళు తగిలితే రంగు మారే చిన్న తెల్ల స్టిక్కర్లు లోపల అంటించి ఉంటారు. లిక్విడ్ అన్నారు గదా, నీ ఎదురుగా విప్పి ఆ స్టిక్కరు ఏ రంగులో ఉండాదో చూపించమను, ఫోటో తీసుకో. ఇంకోటి, మీ మోడల్ స్పెక్ షీటు కంపెనీ సైటులో ఉంటది, అందులో ఆపరేటింగ్ హ్యూమిడిటీ అని, అంటే గాలిలో ఎంత తేమ ఉన్నా పనిచేసుద్దో చెప్పే లైను ఒకటి చూడు. 10 నుంచి 90 శాతం వరకు అని రాసిన మోడళ్ళు ఉండాయి. నీదాంట్లోనూ అట్టా ఉంటే తేమ అనే మాట వాళ్ళకే తిరగబడుద్ది, వాళ్ళే రాసింది గదా.

అది పట్టుకుని పోయే ముందు ఇంట్లో రెండు పనులు చెయ్యి. బయట యూఎస్‌బీ కీబోర్డు పెట్టి అదే నంబర్లు కొట్టు, దాంట్లో సరిగ్గా పడితే విండోస్ తప్పు కాదని తేలిపోద్ది, వీడియో తీసి పెట్టుకో. రెండోది, మూత మూసి టేబుల్ మీద పెట్టి పక్క నుంచి చూడు, మధ్యలో పొంగినట్టుందా, టచ్‌ప్యాడ్ లేచిందా? బ్యాటరీ ఉబ్బితే కీబోర్డుని కింద నుంచి తోసుద్ది, అప్పుడు కూడా కీలు ఇట్టాగే చేస్తాయి. అట్టా ఉంటే ఛార్జింగ్ పెట్టడం వెంటనే ఆపెయ్, అది ప్రమాదం, కీబోర్డు సంగతి తర్వాత.

పై కవరు మొత్తం మార్చాలనే మాట మాత్రం అబద్ధం కాదు. ఇప్పుడొచ్చే చాలా మోడళ్ళలో కీబోర్డుని కవరుకి ప్లాస్టిక్ పిన్నులతో కరిగించి అతికిస్తారు, స్క్రూలు ఉండవు. మాలాంటోళ్ళం ఆ పిన్నులు కోసి కొత్త కీబోర్డు పెట్టి మళ్ళీ కరిగించి అతికిస్తాం, చాలా తక్కువలో అయిపోద్ది. వారంటీ ఉన్నన్ని రోజులు మాత్రం నా కాడికి గానీ ఇంకెవరి కాడికి గానీ తేవద్దు. ఒక్క స్క్రూ కదిలినా వాళ్ళకి ఇంకో సాకు దొరుకుద్ది.

చీమకుర్తి_గ్రానైట్:

బ్రో నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లింగ్ చేస్తా, మాకు తేమ కాదు దుమ్ము, నల్లరాయి కోసే బూడిద ఎంత తుడిచినా టేబుల్ మీద మళ్ళీ పడతానే ఉంటది. మాది వేరే కంపెనీ, మాకు కూడా కీబోర్డు పోతే "డస్ట్" అన్నారు. మా ఓనరు గట్టిగా అడిగితే మార్చారు, మార్చింది కూడా ఆ ఏడే పోయింది, అదే పార్టు అదే క్వాలిటీ, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. నా సలహా అడిగితే వీళ్ళ వెంట తిరిగే టైములో నీ షాపు మూసుకోవాలి, ఒంగోలు పోయి రావడానికి ఒక పూట, వచ్చే కస్టమర్లు పక్క షాపుకి పోతారు. ఐదారు వందలు పెట్టి మంచి యూఎస్‌బీ కీబోర్డు కొనుక్కుని పని చూసుకో, షాపులో ఎట్టాగూ టేబుల్ మీదే గదా వాడేది. ఆ తొమ్మిది వేలు మాత్రం ఇయ్యొద్దు.

గూడూరు_డబ్ల్యూఎఫ్‌హెచ్:

చీమకుర్తి అన్నా, మీరు చెప్పింది పని జరగడానికి బానే ఉంది గానీ అందరం అట్టా సర్దుకుంటే కంపెనీలకి ఇది లోపం అని ఎవరు చెప్తారు? నేను గూడూరు నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తా, ఈ కీబోర్డుల సంగతి కొంచెం చదివా. ఆపిల్ వాళ్ళు 2015లో 12 ఇంచుల మ్యాక్‌బుక్‌కి బటర్‌ఫ్లై అని పల్చటి కీబోర్డు తెచ్చారు, మరుసటేడు మ్యాక్‌బుక్ ప్రోకి కూడా పెట్టారు. కీ లోపలికి దిగేది చాలా తక్కువ, చిన్న నలుసు దూరినా కీ ఇరుక్కునేది, లేకపోతే అక్షరం రెండుసార్లు పడేది, అచ్చం సింగరాయకొండ అన్న చెప్పినట్టే. జనం అడిగీ అడిగీ, కోర్టుల్లో కేసులు కూడా పడినాక, 2018 జూన్‌లో కొన్న తేదీ నుంచి నాలుగేళ్ళ వరకు ఉచితంగా బాగుచేస్తామని ప్రోగ్రాం పెట్టారు. వారంటీ అయిపోయినోళ్ళకి కూడా. 2019 చివర్లో 16 ఇంచుల మోడల్‌తో పాత కత్తెర పద్ధతి (కీ కింద రెండు ప్లాస్టిక్ ముక్కలు కత్తెరలాగా కలిసి ఉండే) కీబోర్డుకి తిరిగి వచ్చారు. 2022లో కేసు 5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, అదీ అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో కొన్నవాళ్ళకే.

అంత పెద్ద కంపెనీ కూడా దిగొచ్చింది ఒక్కొక్కరూ రాసి పెట్టబట్టే. అందుకే అన్నా, మీ మోడల్ పేరుతో ఇంకెవరికైనా ఇదే వచ్చిందా అని కంపెనీ సైటులో ఉండే కమ్యూనిటీ పేజీల్లో వెతకండి, ఉంటే స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. ఒక్క మీ ఊళ్ళోనే కాదు ఢిల్లీలో ఉన్నోడికి కూడా అదే 6, అదే స్పేస్‌బార్ పోయిందంటే సముద్రం మాట ఎత్తలేరు.

ఒంగోలు_వకీలు:

ప్రాక్టీసులో ఇలాంటివి చూస్తూ ఉంటాను కాబట్టి రాస్తున్నాను బాబూ. వాళ్ళు నోటితో చెప్పిన దానికి విలువ లేదు, రాసి ఇవ్వమంటే ఆప్షన్ లేదన్నారు చూడు, అసలు పట్టు అక్కడే ఉంది. ఈసారి పోయేటప్పుడు నువ్వే ఒక ఉత్తరం టైపు చేసి తీసుకుపో, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, బిల్లు తేదీ, ఏ ఏ కీలు ఎలా చేస్తున్నాయో, ఏ తేదీన తెచ్చావో, వాళ్ళు ఏ కారణం చెప్పి కాదన్నారో అన్నీ అందులో ఉండాలి, ఒక కాపీ మీద సంతకం ముద్ర అడుగు. ఇవ్వకపోతే అదే ఉత్తరం కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టు, అమ్మిన ఆన్‌లైన్ సంస్థకీ ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మిన వాళ్ళకీ కాపీ పెట్టు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్కోసారి వేరే సంస్థది ఉంటుంది, దాని షరతుల కాగితం డౌన్‌లోడ్ చేసి చదువు. ప్రమాదవశాత్తూ జరిగే డ్యామేజీకి కవరేజి వేరు, లోపానికి వారంటీ వేరు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నీది లోపం అంటున్నావు కాబట్టి మామూలు వారంటీలోనే రావాలి, ప్రతి ఉత్తరంలో ఆ మాట మీదే నిలబడు.

కమర్షియల్ అన్నారు గదా, దానికి భయపడొద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) కింద వివరణలోనే ఉంది, స్వయం ఉపాధితో బతకడం కోసం మాత్రమే కొని వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. నువ్వొక్కడివే కూర్చుని చేసుకునే షాపు, జీతానికి మనుషులు లేరు, అది ఫిర్యాదులో స్పష్టంగా రాయి. వారంటీ షరతుల్లో విడిగా కమర్షియల్ వాడకం గురించి ఏమన్నా రాశారేమో కూడా చూసుకో.

మెయిల్‌కి జవాబు రాకపోతే 1915కి ఫోన్ చెయ్యి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు కంపెనీకి పంపించి జవాబు తెప్పిస్తారు, తీర్పు చెప్పే అధికారం మాత్రం వాళ్ళకి లేదు, అయినా చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, నువ్వు ఉండే జిల్లాలోనే వేయొచ్చని 2019 చట్టం చెప్తుంది, పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, వకీలు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. లోపం ఉందా లేదా తేల్చడానికి వస్తువుని ల్యాబ్‌కి పంపే అధికారం కూడా కమిషన్‌కి ఉంది, అందుకే ఎవరి చేతా విప్పించొద్దని నెల్లూరు ఆయన చెప్పింది ముఖ్యం. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలలు అని రాసి ఉంది, నిజంలో ఇంకా ఎక్కువే పడుతుంది, అది దాచి చెప్పను. చీమకుర్తి తమ్ముడు అన్నట్టు ఈలోపు బయట కీబోర్డు కొనుక్కో, ఆ బిల్లు కూడా దాచిపెట్టు, నష్టం కింద అడగొచ్చు.

సింగరాయకొండ_ఆన్‌లైన్:

అందరికీ శానా థాంక్స్. వకీలు గారు చెప్పినట్టు ఉత్తరం టైపు చేసి తీసుకుపోయా, బయట కీబోర్డుతో తీసిన వీడియో, స్పెక్ షీటు ప్రింటు కూడా. మా మోడల్‌లో హ్యూమిడిటీ 10 నుంచి 90 శాతం అనే ఉంది. ఈసారి వేరే ఆయన కూర్చుని ఉన్నాడు, నా ఎదురుగానే విప్పించా, స్టిక్కర్లు తెల్లగానే ఉన్నాయి, స్క్రూలు కూడా మెరుస్తా ఉన్నాయి. ఫోటో తీస్తా ఉంటే ఒద్దన్నాడు, అయితే ఆ మాట ఉత్తరం మీద రాసి సంతకం పెట్టండి సార్ అన్నా, అప్పుడు తీసుకోనిచ్చాడు. పై అధికారికి మెయిల్ పెట్టి అప్రూవల్ వచ్చింది, పార్టు తెప్పిస్తాం అన్నారు, వచ్చాక ల్యాప్‌టాప్ వాళ్ళ దగ్గర వదిలి రావాలంట. వాళ్ళు రిపేరుకి రాసుకునే జాబ్ షీటులో "కీలు రిపీట్ అవుతున్నాయి" అని మాత్రమే రాయించా, లిక్విడ్ అనే మాట లేకుండా చూసుకున్నా.

ఇప్పుడు రెండు డౌట్లు. బయట కీబోర్డు పెట్టినా లోపలి 6 అప్పుడప్పుడూ దానంతట అదే పడతా ఉంది, పార్టు వచ్చేదాకా దీన్ని ఆపేది ఎట్టా? ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఇంకేమన్నా చూసుకోవాలా, దాంట్లో ఊరి జనం ఆధార్ కాపీలు ఉన్నాయి, అదే భయంగా ఉంది.

నెల్లూరు_సర్వీస్‌టేబుల్:

మంచి పని చేసినావు తమ్ముడూ. లోపలి కీబోర్డు ఆపడానికి డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ కింద చూడు, లోపలిదానికి డిజేబుల్ వస్తే కొట్టెయ్, కొన్ని మోడళ్ళలో ఆ ఆప్షన్ రాదు, అప్పుడు మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్ అని ఉచితంగా దొరుకుద్ది, అందులో కీబోర్డ్ మేనేజర్‌లో పైన వరసలో 6ని డిజేబుల్ చెయ్యి. అది బయట కీబోర్డు పైవరస 6ని కూడా ఆపేసుద్ది, కాబట్టి కుడి పక్క నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డే కొను, ఆ 6 వేరే కీ కింద లెక్క, అది పనిచేసుద్ది. నీ పనికి నంబర్ ప్యాడ్ ఎట్టాగూ కావాల.

ఇచ్చే ముందు జనం కాయితాలు మొత్తం బయట హార్డ్ డిస్కులోకి తీసుకుని ల్యాప్‌టాప్‌లో నుంచి తీసెయ్, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, స్కానర్ ఫోల్డరు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, వాట్సాప్ వెబ్ అన్నీ లాగౌట్ కొట్టు. పాస్‌వర్డ్ అడిగితే నీది ఇవ్వబాక, ఖాళీగా వేరే యూజర్ ఒకటి పెట్టి అది ఇయ్యి. మూత మీద, మూలల్లో గీతలు ఏమన్నా ఉంటే ఫోటో తీసి జాబ్ షీటులో రాయించు.

తిరిగి తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గరే నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కి చూడు, 6 అయితే కొంచెం సేపు వరసగా కొట్టు, టచ్‌ప్యాడ్, పవర్ బటన్ కూడా చూడు, పై కవరు మార్చినప్పుడు ఆ కేబుళ్ళన్నీ ఊడదీసి పెడతారు. కొత్త పార్టుకి ఎన్ని రోజులు వారంటీ అని అడిగి బిల్లు మీద రాయించుకున్నాకే సంతకం పెట్టు.