హన్మకొండలో ‘ఎల్ సిమర్రాన్’: డప్పు పెడితే గిటార్ వినపడుతదా?

ఓరుగల్లు_నాటకం:
జర్మన్ స్వరకర్త హెంట్సె రాసిన సంగీత రూపకం ‘ఎల్ సిమర్రాన్’ (1970) తెలుగుల ఆడాలని చూస్తున్నం. క్యూబా చెరకు తోటల బానిసత్వం నుంచి తప్పించుకొని అడవిల బతికిన ఎస్తెబాన్ మోంతేహో కథ. గాయకుడు, ఫ్లూటు, గిటార్, తాళవాద్యాలు, మొత్తం నలుగురే. పదిహేను ఘట్టాలు, గంటంబావు. హాలు పబ్లిక్ గార్డెన్ల నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం అనుకున్నం. తాళవాద్యాల జాగాల డప్పు, ఒగ్గుడోలు పెట్టచ్చా? హక్కుల సంగతేంది? టికెట్ ఉండదు.

తాళం_తప్పొద్దు:
అన్నా, అన్నిటి జాగాల డప్పు పెట్టకుండ్రి. ‘పారిపోవడం’, ‘మాల్ తియెంపో యుద్ధం’ (క్యూబా స్వాతంత్ర్య పోరుల ఒక యుద్ధం) ఘట్టాలకు బాగ కుదురుతది. ‘అడవి’కి మాత్రం దెబ్బ పడ్డంక కూడా మోగుతుండే చప్పుడు కావాలె. అక్కడ జేగంట, గజ్జెలు, వెదురు ముక్కలు చాలు. ‘యంత్రాలు’ ఘట్టంల ఇనుము మోగాలె.

డప్పుతోని అసలు తిప్పలు చర్మం. కాచినంక చల్లారుతుంటే శ్రుతి దిగుతది, వానకాలమైతే మరీ. హాల్ల మంట పెట్టనియ్యరు. బోల్టులు బిగించే ఫైబర్ డప్పు ఒకటి, తోలుది ఒకటి ఉంచుకోండ్రి. తోలుది యుద్ధం ముంగట బయట కాచి తేవాలె. మెల్లగ ఉండాల్సిన కాడ సిర్ర (లావు పుల్ల) పక్కకు పెట్టి సన్నటి చిటికెన పుల్లతోనే కొట్టాలె.

ఇంకో మాట. ఇది ఒగ్గుకథ లెక్క అనిపిస్తది గని వంతవాళ్ల లెక్క ‘ఆఁ’ కొడితే చెడుతది. కథంత ఒక్క మనిషి ‘నేను’. మిగిలిన ముగ్గురు ఆ మనిషి చుట్టూ ఉన్న లోకం. కండక్టర్ ఉండడు, చానా చోట్ల స్వరం, లయ హెంట్సె వాయించేటోళ్లకే వదిలేసిండు. అందుకే ఎవరి భాగం వాళ్లు కాదు, నలుగురి ముంగట పూర్తి స్కోరు (అందరి స్వరాలు రాసిన పుస్తకం) ఉండాలె.

కాజీపేట_సౌండ్:
నైలాన్ తీగల గిటార్ డప్పు ముంగట నిలవదు. గిటార్‌ను ముందుకు తెండ్రి, డప్పును కనీసం పది అడుగులు వెనకకు జరిపి ముఖం పక్కకు తిప్పుండ్రి. డప్పుకు మైకు వద్దే వద్దు. గిటార్‌కు చిన్న కండెన్సర్ మైకు, పన్నెండో ఫ్రెట్ ఎదురుంగ జానెడు దూరంల. రంధ్రం ముంగట పెడితే బొంయ్‌మంటది, మానిటర్ (వాయించేటోళ్ల దిక్కు పెట్టే స్పీకర్) పెంచితే కూత పెడతది.

గాయకుడు గుసగుస నుంచి అరుపు దాక పోతడు. గెయిన్ (మైకు నుంచి వచ్చే చప్పుడు మోతాదు) అరుపుకు సెట్ చేసి, గుసగుస కాడ ఫేడర్ (చప్పుడు పెంచే మీట) ఎత్తాలె. సౌండ్ బోర్డు కాడ కూసున్నోడికి పాఠం కంఠతా రావాలె. ‘అడవి’ అప్పుడు ఫ్యాన్లు బంద్ చేయించుండ్రి.

హక్కులు_చూసేవాడు:
1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఔత్సాహిక బృందం డబ్బు తీసుకోకుండా ప్రదర్శిస్తే మినహాయింపు ఉంది. కానీ అనువాదం, వాద్యాలు మార్చడం వేరే హక్కులు. హెంట్సె 2012లో పోయాడు, మన చట్టంలో 2072 చివరి వరకు రక్షణ. జర్మన్ పాఠం రాసిన ఎంత్సెన్స్‌బెర్గర్ 2022లో పోయాడు కాబట్టి అది 2082 దాకా. మోంతేహో కథను రాసిన క్యూబా రచయిత మిగేల్ బార్నెత్ పుస్తకం దీనికి ఆధారం కనుక ఆ హక్కు కూడా అడగాలి. ముందుగా ప్రచురణకర్త షోట్ వాళ్లకు రాయండి. ఏ ఘట్టంలో ఏ వాద్యం మారుస్తున్నారో, తెలుగు పాఠం ఎవరు రాస్తున్నారో ఆ ఉత్తరంలోనే పెట్టండి. జవాబు రాకముందే హాలు బుక్ చేసి అడ్వాన్సు కట్టొద్దు.